పైడయ్య పాటలో కోసేసిన చరణం

పజుండౌంగ్, రంగూను
భాద్రపదం, ఆదివారం

అన్నా,

పైడయ్యను చంపింది నువ్వు.

ఉత్తరం ఇలా మొదలుపెట్టకూడదని నాకూ తెలుసు. ముందు నీకు నమస్కారం పెట్టాలి, అందరి బాగోగులూ వరసగా అడగాలి. అడుగుతున్నాను. అమ్మకి మోకాళ్ళ వాపు తగ్గిందా? వదిన దగ్గుకి ఆ నాటు మందు ఆపి పట్నం తీసుకెళ్ళి చూపించావా? పిల్లలు బడికి పోతున్నారా? నేను క్షేమం. జ్వరం వచ్చి తగ్గింది. రెండు పూటలా తింటున్నాను. మన వాళ్ళ మధ్యే ఉన్నాను. ఈ నాలుగు ముక్కలూ అమ్మకి మళ్ళీ మళ్ళీ చెప్పు, ఒక్కసారి చెబితే నమ్మదు. ఇక మిగతాదంతా నీతో.

పైన చిరునామా మారింది చూశావా? అహ్లోన్ బియ్యం మిల్లు కూలీల లైనులో ఇప్పుడు నేను లేను. మేస్త్రి వెళ్ళగొట్టాడు. ఎందుకో తరవాత రాస్తాను. ఇక్కడ కాలువ పక్కన ఒక రేకుల పనివాడి కొట్లో దీపపు బుడ్లకి మాటు వేస్తున్నాను. వాన మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే. చొక్కా ఆరదు, చాప ఆరదు. పాటకి మీటే జముకు తోలు మెత్తబడిపోతే కుంపటి మీద కాచి మోగించుకోవాలి. లోకానికంతా బియ్యం పంపే ఊళ్ళో మేము తినేది నూకలు. అదీ క్షేమమే అనుకో.

పైడయ్య జెట్టీ దగ్గర నీళ్ళలో పడి పోయాడని పోయిన ఉత్తరంలో రాశాను. దాని వెనక సంగతి అప్పటికి నాకు తెలియదు. ‘వాడి రాత అంతే, నువ్వు జాగ్రత్త’ అని జవాబు రాశావు. ఆ రాత ఎవరు రాశారో ఇప్పుడు చెబుతాను, విను.

ఆషాఢంలో మన ఊరినుంచి స్టీమరు దిగిన కొత్తవాళ్ళలో అప్పన్న ఉన్నాడు. మన పెదకామయ్య కొడుకే, కొత్తగా పెళ్ళయినవాడు. కొత్తవాళ్ళు రాగానే మొదటి ఆదివారం లైను వాకిట్లో కూర్చోబెట్టి పైడయ్య ఈ రంగూను మీద కట్టిన రంగం పాట వినిపించడం మా అలవాటు. ఈసారి మేస్త్రి ఆదివారం దాకా ఆగలేదు. దిగిన మర్నాడే పనిలో పెట్టాడు. ఆ పూట కుండపోత. ధాన్యం పడవకీ జెట్టీకీ మధ్య వేసిన బల్ల నానిపోయి పాచి పట్టి ఉంది. పాతవాళ్ళం షెడ్డులో నిలబడిపోయాం. మేస్త్రి కేకేశాడు. అప్పన్న నెత్తిన బస్తా పెట్టుకుని ఎక్కేశాడు. సగం దూరం వెళ్ళాక బల్ల ఊగింది. ముందుకు పోలేడు, వెనక్కి తిరగలేడు, అక్కడే నిలబడిపోయాడు. మా అందరిలోనూ కదిలింది పైడయ్య ఒక్కడే. వెళ్ళి వాడి బస్తా నీళ్ళలోకి తోసేసి, వాణ్ణి జెట్టీ వైపు నెట్టాడు. వాడు బతికాడు. పైడయ్య జారి పడవకీ జెట్టీకీ మధ్య పడ్డాడు. సంపాను పడవ నడిపే కో బా అనే బర్మా మనిషి వెంటనే దూకి వెతికాడు. పడ్డవాడిది ఏ కులమని అడగలేదు. కానీ పైకి తెచ్చేసరికి ఏమీ మిగలలేదు.

తడిబల్ల ఎక్కొద్దని పాట కట్టినవాడు తనే ఎందుకెక్కాడని నేను నెల రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. అప్పన్న ఎందుకెక్కాడని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు. కొత్తవాడు, మేస్త్రికి భయపడ్డాడు అనుకున్నాను.

మన మేళంలో ఆచారం నీకు తెలుసు. పాట కట్టినవాడు పోతే మాసికం దాకా ఆ పాట నోట పట్టకూడదు. పట్టలేదు. నెల తిరిగాక మిల్లు సెలవు చూసుకుని, ఆదివారం మధ్యాహ్నం లైను వాకిట్లో పైడయ్య పాట అతని పేరు మీద పాడదామనుకున్నాం. వాకిలంతా మనవాళ్ళే. కో బా కూడా వచ్చి గడప మీద చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. నేను కథకుణ్ణి. నా పక్కన పైడయ్య కూర్చునే చోట ఖాళీ చాప, దాని మీద అతని జముకు.

పెద్దవాళ్ళు ఆచారం తీశారు. వంతవాడు పోతే అతని జముకు నరం తెంపి ఏట్లో వదిలేయాలన్నారు. పైడయ్య భార్య గౌరమ్మ లేచి ఆ జముకు తీసి చంకలో పెట్టుకుంది.

“గంగకి మడిసినే ఇచ్చీసినాను. సాల్లేదా? డబ్బా కూడా కావాలంతాదా మీ గంగ?” అంది.

“ఆడకూతురు మేళంలో కూకుంతాదేటమ్మా? అందులోనూ...” అని ఒక ముసలాయన నసిగాడు.

“అందులోనూ ఏటి? మొగుడు పోనాదాన్ననా? పోనోడి పాటకి పోనోడి పెళ్ళాం కాకపోతే ఎవుత్తి పలుకుతాది? నువ్వు పట్టు, సూరన్నా,” అని ఆ ఖాళీ చాప మీద కూర్చుంది.

పట్టాను.

నువ్వు మరిచిపోయావేమో, మరిచిపోయినట్టు నటిస్తున్నావేమో, చరణం ఇక్కడ రాస్తున్నాను.

ఓడెక్కి పోతావ తమ్ముడా, ఒకమాట ఇనిపోర నాయనా
తడిబల్ల మీదికి ఎక్కకు, తలమీద బస్తాతొ ఎక్కకు
మేస్త్రి కేకేసినా ఎక్కకు, మీయమ్మ కొకడివే ఎక్కకు

చరణం చివర కథకుడు ‘ఈ మాట ఎవరు సెప్పేరు?’ అని అడగాలి. వంతవాళ్ళు పాట కట్టినవాడి పేరు ముమ్మారు పలకాలి. అదే ముద్ర. ఆ పేరు పలికిన్నాళ్ళూ పాట కట్టినవాడు మన మధ్య కూర్చున్నట్టే లెక్క. ఈ సంగతి నాకు చిన్నప్పుడు నేర్పింది నువ్వే.

మొదటి చరణాలు బాగానే సాగాయి. కొత్తవాళ్ళకి కూడా పాట వచ్చు, వంత అందుకున్నారు. మన ఊళ్ళో దీన్ని మరవలేదని నాకు ఎంత గర్వం కలిగిందో! తడిబల్ల చరణం దగ్గరికి వచ్చాం. నేను నోరు తెరిచేలోగా కొత్తవాళ్ళందరూ హుషారుగా వేరే చరణం ఎత్తుకున్నారు:

మేస్త్రి మన తండ్రిరా తమ్ముడా, మేడలా ఊరురా నాయనా

నా చెయ్యి జముకు మీద ఆగిపోయింది. అలవాటు కొద్దీ నోరు మాత్రం అడిగేసింది, ఈ మాట ఎవరు సెప్పేరు అని. పాతవాళ్ళు పైడయ్య అన్నారు. కొత్తవాళ్ళు అంతకంటే గట్టిగా, ముమ్మారూ, సత్తెయ్య, సత్తెయ్య, సత్తెయ్య అన్నారు.

నీ పేరు అన్నా. పైడయ్య మాసికం నాడు, పైడయ్య పెళ్ళాం వింటూండగా, నీ పేరు.

గౌరమ్మ మీటడం ఆపింది. “ఎవుడా సత్తెయ్య?” అంది.

అప్పన్న నావైపు చూశాడు, నేనేదో వాణ్ణి మెచ్చుకుంటానన్నట్టు. “మీ అన్నే కద, సిన్నాన్నా! అమ్మోరి పండక్కి ఆయనే కట్టేడని సెప్పేరు.”

“తడిబల్ల చరణం ఏదిరా?”

“ఏ బల్ల?”

“ఎక్కకు, ఎక్కకు అని. నువ్వెప్పుడూ వినలేదా?”

“నేదు సిన్నాన్నా. నానెప్పుడూ ఇన్నేదు.” వాడు అటూ ఇటూ చూశాడు. అందరి మొహాలూ చూశాక అప్పుడు అర్థమైంది వాడికి. “అలాటి సరణం ఒకటుందా?” అన్నాడు. రెండు చేతులతో నెత్తి పట్టుకుని, బస్తా మోస్తున్నవాడిలా, అక్కడే కూలబడ్డాడు.

గౌరమ్మ వాణ్ణి ఒక్క మాట అనలేదు. వాడి ముందు కూర్చుని జముకు మీటి, ఆ చరణం ఒక్కర్తే పాడింది. “అను,” అంది. వాడు అన్నాడు. పదం తప్పాడు. “మల్లీ అను.” ఏడుస్తూ అన్నాడు. వాడికి పూర్తిగా నోటికి వచ్చేదాకా మానలేదు.

ఇప్పుడు చెప్పు. పోయిన ఏడాది ఊరికి వచ్చినప్పుడు మన పంచలో కూర్చుని ఆ పాట నీకు నేర్పింది నేను. ఆ చరణం నీకు నేర్పలేదా? అది అలంకారం కాదు. స్టీమరెక్కే ప్రతివాడి చెవిలోనూ వెయ్యవలసిన మాట. దాన్ని కోసి, ఆ చోట చంపేవాడికి స్తోత్రం పెట్టావు. అప్పన్న ఎక్కింది మేస్త్రి భయంతో కాదు, నీ పాట మీద నమ్మకంతో. తండ్రి పిలిస్తే ఎవడు ఎక్కడు?

నువ్వు చెప్పబోయే సమాధానాలన్నీ నాకు తెలుసు. మేస్త్రి మామగారు పండగ పందిరి వేయించాడంటావు. పందిరికి నాలుగు గుంజలు, నాలుగు తాటాకులు. మనిషి ప్రాణం అంత చవకా? అమ్మవారి ముందు మాలపేట వాడి పేరు పలకడానికి పెద్దలు ఒప్పుకోలేదంటావు. ఆ అమ్మవారిని గుడినుంచి పందిట్లోకి పిలిచే డప్పు ఎవరిది? డప్పుకి లేని మైల పేరుకి ఎక్కణ్ణించి వచ్చింది? ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ పైడయ్య పందిరి గుంజకి అవతల, ఎండలో నిలబడి నీకు వంత పలికాడు. అతని గొంతు లోపలికి రావచ్చు, మనిషి రాకూడదు. రంగం వచ్చాకే ఒక చాప మీద నా పక్కన కూర్చున్నాడు. ఆ కూర్చున్న చోటు కూడా నువ్వు లాగేసుకున్నావు. పాట పదిమందిదీ, ఎవరు పాడితే వాళ్ళదంటావు. మంచి మాటే. అయితే దానికి నీ పేరెందుకు పెట్టావు?

నువ్వొక్కడివే చంపావనడం లేదు. బల్ల మార్చని మిల్లువాళ్ళున్నారు, కేకేసిన మేస్త్రి ఉన్నాడు, షెడ్డులో నిలబడి చూసినవాళ్ళం మేమున్నాం. వాళ్ళ సంగతి ఇక్కడ చూసుకుంటాం. నీ సంగతి అక్కడ నువ్వే చూసుకోవాలి. స్వరాజ్యం గురించి మన ఊళ్ళో ఉపన్యాసాలు జరుగుతున్నాయని, వేదిక మీద నువ్వు పాడుతున్నావని పోయినసారి రాశావు. సంతోషం. స్వరాజ్యమంటే దొర పేరు తీసి నీ పేరు పెట్టుకోవడం అయితే మాత్రం ఆ స్వరాజ్యం నాకు ఇప్పటికే అర్థమైంది.

తరవాతి సంగతి కూడా విను. ఆ వారంలోనే మళ్ళీ కుండపోత పట్టింది. ధాన్యం పడవ వచ్చింది. మేస్త్రి కేకేశాడు. అప్పన్న షెడ్డులో బస్తా మీద కూర్చుని కదలలేదు.

“లేవరా! మేపడానికి రంగం తెచ్చానేటి నిన్ను?” అన్నాడు మేస్త్రి.

“వాన ఒగ్గీనాక ఎక్కుతాను బాబూ.”

“ఎవడు సెప్పేడురా నీకు?”

అప్పన్న లేచి నిలబడ్డాడు. “పైడయ్య సెప్పేడు,” అన్నాడు.

చెంప పగిలింది. పెదవి చిట్లింది. అయినా ఎక్కలేదు. వాడి వెనక కొత్తవాళ్ళంతా కూర్చున్నారు, వాళ్ళ వెనక మేమూ కూర్చున్నాం, ఈసారి సిగ్గుతో. వాన తగ్గేదాకా ఆ బల్ల ఖాళీగా ఉంది. ఆ సాయంత్రమే నన్నూ గౌరమ్మనీ లైనులోంచి వెళ్ళగొట్టి, ఇకమీద వాకిట్లో జముకు మోగితే కాళ్ళు విరుగుతాయన్నాడు. గౌరమ్మ ఇదే వీధిలో మన చాకలి వాళ్ళ దగ్గర ఉంటోంది. నేను కొట్లో బుడ్లు మాటేస్తూ ఆ పాటే తీస్తాను. చరణం చివర ఎవరు సెప్పేరని అడిగి, ఇప్పటికీ చెవి కుడి పక్కకి పెడతాను. అతను కూర్చునేది ఆ పక్కనే.

బల్ల ఇంకా మార్చలేదు. కార్తీకంలో మరో స్టీమరు నిండా మనవాళ్ళు వస్తారు. వాకిట్లో వాళ్ళకి పాడి వినిపించే వీలు ఇక మాకు లేదు. కాబట్టి వాళ్ళు ఏ పాట నోట పెట్టుకుని ఓడెక్కుతారన్నది నీ చేతిలో ఉంది.

అమ్మ పాదాలకి నా దండాలు. ఆమె దీవెన నాకు కావాలి, అప్పన్నకీ కావాలి. వదినకి నమస్కారం, పిల్లలకి ముద్దులు, వీధిలో పెద్దలందరికీ పేరుపేరునా చెప్పు. నా మీద కోపం పెట్టుకో, పరవాలేదు. కానీ ఇవి చెయ్యి:

మేస్త్రి తండ్రి అన్న చరణం పాటలోంచి తీసెయ్యి.

తడిబల్ల చరణాన్ని దాని చోట పెట్టు.

ముద్రలో నీ పేరు తీసి పైడయ్య పేరు పెట్టు. ముమ్మారు పలికించు.

కార్తీకంలో స్టీమరెక్కేవాళ్ళు బయల్దేరేలోగా వాళ్ళని కూర్చోబెట్టి పాడు. మేస్త్రి మామగారు అక్కడుంటే ఇంకా గట్టిగా పాడు.

పైడయ్య తండ్రి ఇంటికి వెళ్ళు. వాకిట్లో నిలబడి కేకెయ్యకు, లోపలికి వెళ్ళి కూర్చో. నువ్వు చేసింది నీ నోటితో చెప్పు.

వచ్చే పండక్కి పైడయ్య తమ్ముణ్ణి నీ పక్కన, పందిరి లోపల, ఒకే చాప మీద కూర్చోబెట్టు.

ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించేటప్పుడు ఒక్క మాట కూడా మింగెయ్యకు. మొదటి వాక్యంతో సహా చదువు.

నీ తమ్ముడు,
సూరి