బ్యాటరీదే కొనుక్కోమన్నావు

సత్యనారాయణపురం,
విజయవాడ.

అమ్మకు సింధూరి నమస్కారాలు.

ఒంటి మటుకు చూసుకుంటే ఇక్కడ ముగ్గురం క్షేమం. నువ్వూ తమ్ముడు కిరీటీ కూడా క్షేమంగానే ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది. ఈ కవరు విప్పేటప్పుడు జాగ్రత్త. అడుగున గట్టి వస్తువు ఒకటి పెట్టాను, జారి పడిపోగలదు. అదేమిటో చివర రాస్తాను, అందాకా పక్కన పెట్టు. ఇంకో మాట. కళ్ళజోడు కనబడలేదని ఈ ఉత్తరం తమ్ముడి చేత చదివించుకోకు. నీకు చెవులు సరిగా వినబడక మనం ఉత్తరాలకు దిగాం గానీ, ఫోన్లో అయితే వాడు స్పీకర్ పెట్టి పక్కనే నిలబడతాడు. ఇది నువ్వొక్కదానివే చదవాలి.

అక్షయ దగ్గు గురించి అడిగావు. తగ్గింది. పరీక్షలు అయిపోయాయి కదా, మంచం దిగకుండా బొమ్మలు గీసుకుంటోంది. మీ అల్లుడికి మోకాలి నొప్పి అలాగే ఉంది. నువ్వు పంపిన నూనె రాస్తున్నారు గానీ, డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే మాత్రం వినరు. మా వీధిలో పంపు నీళ్ళు ఇప్పుడు బాగానే వస్తున్నాయి.

షెడ్డు తాళం ఎవరో కోశారని, కోసినవాళ్ళు కొత్త తాళం వేసి మరీ పోయారని రాశావు. కిటికీలోంచి చూస్తే నాన్న కలంకారీ అచ్చుల పెట్టె కనబడలేదన్నావు. ‘దొంగలు తాళం వేసి పోవడం ఎక్కడన్నా ఉందా, తమ్ముడు పోలీసులకు చెబుతానంటున్నాడు, నువ్వేమంటావు’ అని అడిగావు. నేనేమంటానో చెబుతాను. దానికి ముందు అచ్చులు చెక్కే మిషను సంగతి చెప్పాలి, ఎందుకంటే మూడు ఉత్తరాల నుంచీ నువ్వు అడుగుతున్నది అదే.

మిషను కొన్నానమ్మా. నువ్వు ‘తొందరపడకు, ఇంకో నాలుగు షాపులు చూడు’ అని రాసిన ప్రతిసారీ నేను నిజంగానే చూశాను. గవర్నరుపేటలో చూశాను, వన్‌టౌన్‌లో చూశాను. ప్రతి షాపులోనూ నాన్న టేకు ముక్క ఒకటి సంచిలోంచి తీసి, దీని మీద పెట్టి చూపించండి అని అడిగేదాన్ని. కొందరు నవ్వారు. ఒకాయన మగవాళ్ళను తీసుకురమ్మన్నాడు. చివరికి జాన్‌బాబు గారని ఒకాయన దొరికారు. ఆయన నవ్వలేదు.

“కలంకారీ అచ్చులకా అమ్మా? అయితే మీకు బలం కాదండీ, స్పీడు తగ్గించుకునే మిషను కావాలి. ఎక్కువ తిరిగితే టేకు మాడిపోద్ది” అన్నారాయన. 

నాన్న ఉంటే ఆయనతో పొద్దుగుంకేదాకా మాట్లాడేవారు. అచ్చు చెక్కడమంటే పువ్వును చెక్కడం కాదు, పువ్వు చుట్టూ ఉన్నదంతా తవ్వి తీసేసి పువ్వును మిగల్చడం అని నాన్న నాకు గౌను వయసులోనే చెప్పారు. ఆ తవ్వేది ఉలితో అయితే నా మణికట్టు ఇప్పుడు సహకరించడం లేదు. పెన్ను కంటే కాస్త లావుగా, చేతిలో ఇమిడే మిషను ఉంటే చుట్టూ తవ్వకం దానితో చేసి, గీతల అంచులు మాత్రం నాన్న ఉలితో తీర్చుకోవచ్చు. ఇదీ నా ఆలోచన. నాన్న పోయాక పెడనలో మన షెడ్డులో ఆ పని ఆగిపోకూడదని తప్ప నాకు వేరే కోరిక లేదు.

జాన్‌బాబు గారు రెండు చూపించారు. ఒకటి వైరుది. ప్లగ్గులో పెడితే రోజంతా ఒకే తీరున తిరుగుతుంది. ఇంకోటి బ్యాటరీది. తేలిక, కానీ కాసేపటికే నీరసపడుతుంది, మళ్ళీ ఛార్జింగు పెట్టుకుంటూ కూర్చోవాలి. “ఒకచోట కూర్చుని చేసేవాళ్ళకి వైరుదేనండీ. బ్యాటరీది తిరిగే పనోళ్ళకి” అన్నారు. నాకూ అదే న్యాయంగా తోచింది. షెడ్డులో కిటికీ పక్కన ప్లగ్గు ఉండనే ఉంది, నాన్న నా కోసం పెట్టించిందే. 

అదే నీకు రాశాను. వెంటనే నీ జవాబు వచ్చింది. ‘వైరుది వద్దే. కాళ్ళకు అడ్డం పడుద్ది, షాక్ కొట్టుద్ది. బ్యాటరీదే కొనుక్కో, ఎక్కడ కూచుని అయినా చేసుకోవచ్చు’ అన్నావు. 

ఆ ఉత్తరం చదివి నేను ఎంత మురిసిపోయానో తెలుసా. మిక్సీ స్విచ్చు వేయడానికి కూడా పొడి గుడ్డ వెతుక్కునే మా అమ్మ, నా కోసం మిషన్ల గురించి ఆలోచించిందని మీ అల్లుడికి చదివి వినిపించాను. ఆయన ఒక్కటే అడిగారు, “ఎక్కడ కూచుని అయినా అంటే? షెడ్డు ఉందిగా?” నేను కసిరాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, నాకు అప్పుడు కూడా తట్టలేదు.

నీ మాట మీద బ్యాటరీదే తీసుకున్నాను. జాన్‌బాబు గారికి నచ్చలేదు గానీ, దానితోపాటు వచ్చే చిన్న చిన్న బిళ్ళలన్నీ ఓపిగ్గా చూపించారు. అందులో కాగితంలా పల్చటి బిళ్ళ ఒకటి ఉంది. దానితో ఒక మేకును పట్టుకుని తెగ్గోసి చూపించి, “ఇది ఇనుము కోసేదండీ. మీకు పనికిరాదు, అయినా ఉంచుకోండి. ఎప్పుడన్నా వాడితే కళ్ళజోడు పెట్టుకోండి, నిప్పురవ్వలు లేస్తాయి” అన్నారు.

ఎండలు తగ్గేదాకా పిల్లను వేసుకుని రావద్దని నువ్వు రాస్తూనే ఉన్నావు. నేను మాత్రం ఆగలేకపోయాను. మొదటి గీత నాన్న షెడ్డులోనే గీయాలని, నిన్ను ఆశ్చర్యపరచాలని, గురువారం పొద్దున అక్షయను ఎదురింటివాళ్ళకు అప్పజెప్పి బందరు పాసింజరు ఎక్కేశాను. నువ్వూ తమ్ముడూ చల్లపల్లి పిన్ని మనవరాలి ఓణీల ఫంక్షనుకు వెళ్ళారని నాకు తెలియదు.

షెడ్డు తలుపుకు కొత్త తాళం ఉంది. మనం ఎప్పుడూ ఆ తలుపుకు గొళ్ళెం తప్ప తాళం వేయలేదు కదా. కిటికీలోంచి చూశాను. నాన్న కూర్చునే పీట లేదు. ప్లగ్గు ఊడదీసి ఉంది, వైర్లు బయటికి వేలాడుతున్నాయి. నేలంతా చెక్కలు పరిచారు. అవి ఏ చెక్కలో గుర్తుపట్టడానికి నాకు కాసేపు పట్టిందమ్మా. నాన్న నీడన ఆరబెట్టి, ఏటేటా తిరగేసి, పదును వచ్చేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వని టేకు పలకలు. అచ్చుల పెట్టె మూలన బోర్లా పడి ఉంది.

పక్కింటి బుల్లెమ్మత్త గిన్నెలు కడుగుతూ నన్ను చూసి లేచి వచ్చింది.

“ఏమే సింధూరీ, నీకు తెలవదా? కిరీటి రొయ్యల మేత డీలరుషిప్పు తీసుకున్నాడుగా. బస్తాలకి చెమ్మ తగలకుండా కింద చెక్కలు ఏయించారు.”

“ఎవరు వేయించారు అత్తా?”

“మీ అమ్మే దగ్గరుండి ఏయించింది. నీకు చెప్పలేదా అని అడిగితే, పిల్ల మిషను కొనుక్కునేదాకా ఎవరూ నోరెత్తమాకండి అంది. అది బ్యాటరీది కొనుక్కుందంటే ఇంటికాడే చేసుకుంటది, ఇంక షెడ్డు అడగదు అందిగా.”

అమ్మా, తమ్ముడు షెడ్డు కావాలంటే అడగడం తప్పు కాదు. వాడికి బతుకుతెరువు కావాలి, నాకు తెలుసు. నువ్వు నాకు ఒక్క ముక్క రాసి ఉంటే నేను వచ్చి పోట్లాడేదాన్ని, ఏడ్చేదాన్ని, చివరికి సగం షెడ్డుకు ఒప్పుకునేదాన్నేమో. నువ్వు పోట్లాడే అవకాశం కూడా ఇవ్వలేదు. నా కోసం ఆలోచిస్తున్నట్టు రాసి నన్ను షాపుల చుట్టూ తిప్పావు. నేను ఇక్కడ టేకు ముక్క పట్టుకుని మాడిపోతుందా లేదా అని వాసన చూస్తుంటే, నువ్వు అక్కడ టేకు పలకలు నేల మీద పరిపించావు. వాడు మోసం చేసి ఉంటే తిట్టి ఊరుకునేదాన్ని. నువ్వు చేశావు, అదే నాకు మింగుడు పడడం లేదు. మేముండేది మేడ మీద రెండు గదులు, గోడకు మేకు కొడితేనే ఓనరు గారు పైకి వస్తారు. ఇక్కడ ఎక్కడ కూర్చుని అచ్చులు చెక్కమంటావు?

ఇప్పుడు దొంగ సంగతి. ఆ తాళం కోసింది నేనే.

కళ్ళజోడు పెట్టుకుని, ఆ పల్చటి బిళ్ళ బిగించి కోశాను. షెడ్డుకు కరెంటు తీసేశారుగా, వైరుది కొని ఉంటే నేను ఏమీ చేయలేకపోయేదాన్ని. నీ మాట విన్నందుకు ఆ ఒక్క పనికి మాత్రం పనికొచ్చింది. నాన్న షెడ్డులో మొదటి గీత గీద్దామని తీసుకెళ్ళిన మిషను మొదట కోసింది తాళాన్ని. నా ఇంటి తాళమే కోస్తూ ఎవరన్నా చూస్తారేమోనని అటూ ఇటూ చూసుకున్నాను. ఆ సిగ్గు నాకు ఇంకా పోలేదు.

అచ్చుల పెట్టె నేనే తెచ్చుకున్నాను. బుల్లెమ్మత్త ఒక చెయ్యి వేసి ఆటో ఎక్కించింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని నువ్వంటావు. నేను చెప్పేదాకా చెప్పొద్దంటే ఇన్నాళ్ళూ నానబెట్టింది. పలకలు మోయడం నా వల్ల కాలేదు, వాటిని అలాగే వదిలేసి వచ్చాను. తలుపు బార్లా తీసి పోవడానికి మనసొప్పక బజారుకెళ్ళి కొత్త తాళం కొని వేశాను. పోలీసులకు చెప్పాలా అని అడిగావు కదా. చెప్పించు. పేరు సింధూరి, తండ్రి పేరు బసవయ్య అని రాయించు.

కొత్త తాళానికి రెండు చెవులు ఇచ్చారు. నీ కవరులో ఉన్నది అందులో ఒకటి. మేత లారీ ఇంకో రెండు వారాలకు గానీ రాదని బుల్లెమ్మత్త ఆ రోజే చెప్పింది కాబట్టి తాళం ఇంకా అలాగే ఉండి ఉంటుంది. ఆ చెవి తమ్ముడికి ఇస్తావో, నువ్వే వెళ్ళి తలుపు తీసి ఆ పలకలు ఎత్తిస్తావో నీ ఇష్టం. నేను ఇంక దాని గురించి ఉత్తరంలో అడగను, నువ్వు జవాబు రాయనూ వద్దు. రాసిన మాటను నమ్మడం నాకు ఇప్పట్లో చేతకాదు.

ఆదివారం పాసింజరుకు వస్తాను. రెండో చెవి నా దగ్గరే ఉంది. అది ఆ తలుపుకు పడితే లోపలికి వచ్చి కూర్చుంటాను, నువ్వు కాఫీ తెచ్చి ఇద్దువుగాని. పడకపోతే తాళం మార్చేశారని అర్థం, మిషను సంచిలోంచి తీయను. నిన్ను పిలవకుండా అటునుంచి అటే స్టేషనుకు వెళ్ళిపోతాను.

మోకాలి నూనె అయిపోవస్తోంది.

ఇట్లు,
చెవి పట్టుకుని వస్తున్న నీ కూతురు,
సింధూరి.