రాస్మస్ పేరు పక్కన మాట

ఎడిసన్, జనవరి

నా బంగారు సుధకి, అమ్మ రాసేది.

నేనూ, మీ అన్న దివాకర్ వాళ్లూ కులాసా. ఫోన్‌లో నీ మాట నా చెవికి అందదు, అందుకే ఈ వంకర రాత. మూడో తరగతి చదువు, సర్దుకో. మీ నెబ్రాస్కాలో మంచు మోకాలిదాకా పడిందటగా! పందుల కొట్టానికి ఒక్కదానివే వెళ్లకు. మెట్ల దగ్గర పట్టుకుని దిగు. పొయ్యి కట్టేశావో లేదో రెండుసార్లు చూసుకో.

ఒకటి అడుగుతా, కోప్పడకు. నేనక్కడున్నప్పుడు అల్లుడుగారు నడవలో తూలారు. చేతిలో కప్పు జారిపోయింది. వాసనైతే రాలేదు. వాసన రానివి కూడా ఉంటాయటగా ఈ రోజుల్లో? తాగుతున్నారా? మీ బాబాయి కూడా ఇలాగే మొదలెట్టాడు.

నీ కూతురు శనివారం వచ్చింది. వంకాయ కూర మారు వడ్డించుకుంది. అయినా చిక్కినట్టే ఉంది రియా.

నీ గురించే బెంగతో,
అమ్మ

నెబ్రాస్కా, మార్చి

ప్రియమైన అమ్మకి,

కోపమేం లేదు. గరాజ్‌లో, కార్‌లో సీసాల కోసం నేనూ వెతికాను. ఒక్కటీ లేదు. ఎరిక్ తాగడం లేదమ్మా.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. "మీ వంశంలో ఎవరికైనా ఇలా ఉండేదా?" అని అడిగారు. ఎరిక్ నాన్న ముప్పై నాలుగేళ్లకే ట్రాక్టర్ కింద పడి పోయారు, చెప్పేవాళ్లెవరూ లేరు. అందుకే పాత రికార్డులు వెతుకుతున్నాం. ముత్తాత రాస్మస్ నూట నలభై ఏళ్ల కింద డెన్మార్క్ నుంచి ఓడ దిగి ఈ పొలం దున్నాడు. వాళ్ల దేశంలో అప్పట్లో తండ్రి పేరే కొడుక్కి ఇంటిపేరయ్యేదట. తరానికో ఇంటిపేరు, ఆయన పెద్దలని పట్టుకోవడానికే నెల పట్టింది.

ఇక్కడి డేనిష్ చర్చి పుస్తకంలో రాస్మస్ దొరికాడు. పేరు పక్కన పాస్టర్ ఒక్క మాట రాశాడు: తాగుబోతు. ఎరిక్ నవ్వాడు. "హమ్మయ్య, ఆయనది జబ్బు కాదు, తాగుడే" అన్నాడు.

నీ సుధ

ఎడిసన్, ఏప్రిల్

సుధమ్మకి,

తాగుబోతని చదివి నాకూ ప్రాణం లేచొచ్చింది. తాగుడైతే మానిపించొచ్చు, మొక్కుకోవచ్చు. ఇంక తవ్వకు తల్లీ. పోయినవాళ్లని లేపితే ఏం చెప్తారో ఏమో.

నీ ఉత్తరం రియాకి చదివి వినిపించా. దానికి మన రాత రాదుగా. కలిపిన అన్నం ముద్ద చేతిలోనే ఉంచుకుని, రెండో చేత్తో ఫోన్‌లో ఏదో చూస్తూ కూర్చుంది. అప్పట్నించి రెండు శనివారాలు రాలేదు. ఆఫీసు పనట. దగ్గేమైనా పట్టుకుందా?

కళ్లు కాయలు కాచిన
అమ్మ

నెబ్రాస్కా, జూన్

అమ్మా,

తవ్వొద్దన్నావు. తవ్వాను.

మద్యం ముట్టబోమని ఒట్టేసి ఈ ఊరి డేనిష్ రైతులు ఒక సంఘం పెట్టుకున్నారు. అందులో మొదటి సంతకం రాస్మస్‌ది. పొడి అక్షరాలు, వణికిపోతూ. ఆయన జన్మలో చుక్క తాగలేదమ్మా. తూలుతుంటే తాగాడనుకున్నారు. చర్చిలోంచి వెలేశారు. ఆయన కొడుకు, అంటే ఎరిక్ తాత పీటర్ని పిచ్చాసుపత్రిలో పెట్టారు, అక్కడే పోయాడు.

ఎరిక్‌కి రక్తపరీక్ష చేశారు. వాళ్లకున్నదే, నరాల జబ్బు: ముందు ఒళ్లు తూలుతుంది, పోనుపోను మతి చెదురుతుంది. మందు లేదు. తండ్రికుంటే బిడ్డకి రావచ్చు, రాకపోవచ్చు. బొమ్మా బొరుసా.

రియాకి ఎలా చెప్పను? నువ్వు మాత్రం నోరు జారకు.

సుధ

ఎడిసన్, జూలై

నా తల్లికి,

రియాకి ఏప్రిల్‌లోనే అర్థమైంది. ఎవరికీ చెప్పకుండా తనే పరీక్ష చేయించుకుంది. నిన్న వచ్చి నా ఒళ్లో తల పెట్టింది. "అమ్మమ్మా, నాకు కూడా ఉంది. మమ్మీకి చెప్పకు. నేను చెప్తా, సాటర్డే వెళ్లి" అంది. నువ్వేమో దానికి చెప్పొద్దంటావు, అదేమో నీకు. నా కడుపేమన్నా గోతామా? అది చెప్పేదాకా నువ్వు తెలియనట్టే ఉండు. ఏడవాల్సింది ముందే ఏడ్చెయ్యి.

జన్మంతా పొయ్యికీ, తలుపు గడియకీ, దగ్గుకీ భయపడ్డాను. ముందే భయపడితే రాదనుకునేదాన్ని. దీనికి భయపడాలని నాకు తెలియలేదే!

ఒక్క పని చెయ్యి. మీరు రాసుకున్న వంశవృక్షంలో రాస్మస్ పేరు పక్కన ఆ పాస్టర్ మాట ఉంటే కొట్టెయ్యి. అల్లుడుగారిని నేనూ అదే మాటన్నాను. జబ్బు పేరు రాయి, ఎంత పెద్దదైనా సరే. ఊళ్లో అందరికీ చెప్పు. రేపు మన పిల్ల వీధిలో తూలితే ఎవరూ తాగిందనకూడదు.

శనివారం వస్తుంది. జూలైలో మంచుండదని నాకూ తెలుసు. అయినా మెట్ల దగ్గర దాని చెయ్యి పట్టుకో.

అమ్మ