తొమ్మిది వంగిన పిన్నులు

నరసాపురం,
అక్టోబరు 6

ప్రియమైన తమ్ముడు అనిల్‌కి,

మొన్న శనివారం పొద్దుటి సంగతి రాస్తాను. ఐదింటికి లేచాను. ప్రార్థన చేసుకుని అమ్మకి వేడినీళ్లు పెట్టాను. మీ బావ పాల ప్యాకెట్ కత్తిరించబోయి సగం వంటగట్టు మీద పోశారు, నెపం పిల్లి మీద వేశారు. అరుగు మీద కూర్చుని లేసు రెండు వరసలు అల్లానో లేదో, బస్టాండు నుంచి ఫోను. "రాజమండ్రి పార్సిలండీ. పైన జాగ్రత్త అని మూడుసార్లు రాసుందండీ. మాకు భయంగా ఉంది, తొందరగా రండి." మీ బావ సైకిల్ మీద వెళ్లారు. డబ్బాని రెండు చేతులా పట్టుకుని నడిచొచ్చారు. సైకిల్ అక్కడే మర్చిపోయారు.

డబ్బాలో నువ్వు రాసిన ముక్క ఒక్కటీ లేదు. ఫోనులో "మదర్‌బోర్డు పంపుతున్నా, వంగిన పిన్నులు నీ లేసు చేత్తో నిలబెట్టక్కా" అని పెట్టేశావు. ఇలాంటి వస్తువు నేనెప్పుడూ చూడలేదు. బైబిలుకు వాడే భూతద్దం పెట్టి చూశాను. ఒక మూల చిట్లింది. మధ్యలో ఒక చదరం, దాని నిండా వెంట్రుకల్లాంటి పిన్నులు, వరసలు వరసలుగా. కిటికీ దగ్గర కొంచెం ఒరగదీస్తే అన్నీ ఒక్కసారే మెరిశాయి. మేము లేసు చూసేదీ అలాగే. వెలుగుకి పడితే తప్పిన పోగు తనే బయటపడుతుంది. ఇక్కడ తొమ్మిది మెరవలేదు.

ఇది ఎవరిది? ఎంత నెమ్మదిగా తొయ్యాలి? విరిగితే ఏమవుతుంది? రాసి పంపు. ఫోనులో నీ మాట సగం నీ కంప్యూటర్ రిపేరు కొట్టులో జనమే వింటారు. నువ్వు రాసేదాకా ముట్టుకోను.

నీ అక్క,
తబిత


రాజమండ్రి,
అక్టోబరు 8

ప్రియమైన పెద్దక్కకు వందనాలు.

నా రాత నువ్వు చదవలేవని కంప్యూటర్లో కొట్టి ప్రింటు తీసి పంపుతున్నాను, నవ్వకు. బావగారి సైకిల్ దొరికిందా?

బోర్డు చంద్రరావు గారిది. పెళ్లి ఆల్బములు చేసే స్టూడియో ఆయన. పాత బోర్డు కాలిపోతే ఆయనే ఎక్కడో తగ్గింపులో ఇది చూశారు. "మూల చిట్లింది, పనికి ఏమీ కాదు" అని అమ్మినవాళ్లే రాశారు. "చిట్లితే మనకేంటండీ, పెళ్లికూతురు ఫొటో వంకర రాదు కదా, పెట్టేయండి" అన్నారు ఆయన. తీరా సాకెట్ మూత తీస్తే పిన్నులు వంగున్నాయి. ప్రాసెసర్ కూర్చునేది వాటి మీదే. తగ్గింపు సరుకు తిరిగి తీసుకోరు.

కార్తీకం పెళ్లిళ్లు వస్తున్నాయి. నా దగ్గరికొచ్చే పనిలో సగం ఆయనదే. ఇది లేవకపోతే అంతా కాకినాడ వాళ్లకిస్తానన్నారు. అప్పుడు నేను కొట్టు మూసుకోవడమే అక్కా. నాకా, చేతినిండా పనులు, తీరిక లేదు. నీ చెయ్యి నాకంటే సన్నం.

నూలు చీర కట్టుకో, నైలాన్ వద్దు. ముట్టుకునే ముందు కిటికీ ఊచ పట్టుకో, ఒంట్లో కరెంటు పోతుంది. సన్న సూదితో, వంగిన వైపుకి ఎదురుగా, కొంచెం కొంచెంగా తియ్యి. ఒక్కటి విరిగినా బోర్డు పోయినట్టే.

నీ తమ్ముడు,
అనిల్


నరసాపురం,
అక్టోబరు 11

ప్రియమైన అనిల్‌కి,

సైకిల్ దొరికింది. తొమ్మిదీ నిలబడ్డాయి. వెలుగు బాగా పడే వేళ చూసి రెండు రోజులు చేశాను. ఒక్కో పిన్నుకీ ముందు ఒక చిన్న ప్రార్థన. అమ్మ పక్కనే కూర్చుని "ఊపిరి పీల్చు, లేకపోతే పడిపోతావు" అంటూనే ఉంది. ఇప్పుడు అన్నీ ఒక్కసారే మెరుస్తున్నాయి. చాలా బాగుంది చూడ్డానికి.

ఒకటి అడుగుతాను. చిట్లిన మూల ఇటు, పిన్నులు మధ్యలో. వాటి మీది మూత మీద గీత కూడా లేదు. పైగా తొమ్మిదీ ఒకే వైపుకి వాలాయి, ఎవరో ఈడ్చినట్టు. పైనుంచి దెబ్బ తగిలితే ఇలా వాలతాయా? తెలుసుకుందామని అడుగుతున్నాను.

నీ అక్క,
తబిత


రాజమండ్రి,
అక్టోబరు 13

ప్రియమైన పెద్దక్కకు వందనాలు.

బోర్డు లేచింది! ఫ్యాన్ తిరిగింది, తెర వెలిగింది. కానీ ర్యామ్ సగమే చూపిస్తోంది. కొన్ని పిన్నులు సరిగా తగలడం లేదు. లైటు వేసి చూస్తే నువ్వు నిలబెట్టినవాటి మీద ఏదో జిగురులా మెరుస్తోంది. ఏమైనా రాశావా? నిజం చెప్పు, తిట్టను.

బోర్డు మళ్లీ పంపుతున్నా. బోర్డులు తుడిచే స్పిరిట్, సన్న బ్రష్ కూడా పెట్టాను. నువ్వే తుడిచి పంపు. చంద్రరావు గారు రోజుకి రెండుసార్లు వచ్చి నిలబడుతున్నారు. శనివారం దాకా గడువిచ్చారు.

అనిల్

తా.క. ఆ వాలడం సంగతి నాకూ తెలీదు.


నరసాపురం,
అక్టోబరు 15

ప్రియమైన అనిల్‌కి,

పిన్నులకి ఏమీ పుయ్యలేదని నీకు జవాబు రాయబోయి ఆగాను. నిన్న లేసు అల్లుతుంటే సూది బిగిసింది. నా చెయ్యి దానంతటదే తలలోకి వెళ్లింది. సూదిని పాపిట పక్కన రెండుసార్లు రాసుకుని తిరిగొచ్చింది. పోగులో సూది జారడానికి మేమందరం చేసే పనే. నీ తొమ్మిది పిన్నులకీ తొమ్మిదిసార్లు అదే చేసుంటాను. కొబ్బరినూనె. నలభై ఏళ్ల అలవాటు, చేస్తున్నట్టు నాకే తెలీలేదు. మీ బావ విని "కంప్యూటర్‌కి తలంటావన్నమాట" అని ఇంకా నవ్వుతున్నారు. క్షమించు. తుడిచాను, ఆరాక మళ్లీ తుడిచాను.

నా తప్పు చెప్పాను కదా. ఇప్పుడు నువ్వు చెప్పు. ఇరవై ఏళ్ల పనివాడివి. బ్రష్‌తో ఒక్క తుడుపుకి బోర్డుని బస్సెందుకు ఎక్కించావు? ఉత్తరాలు చేత్తో ఎందుకు రాయడం లేదు?

నీ అక్క,
తబిత


రాజమండ్రి,
అక్టోబరు 17

పెద్దక్కా,

ర్యామ్ మొత్తం చూపిస్తోంది. ప్రాసెసర్ పెట్టడానికి కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాను.

పిన్నులు వంచింది నేనే. ప్రాసెసర్ దించుతుంటే చెయ్యి ఊగింది, అది పిన్నుల మీద ఈడ్చుకుపోయింది. అమ్మినవాళ్లు చెప్పిన చిట్లిన మూల తప్ప బోర్డులో ఇంకే లోపమూ లేదు. జూన్ నుంచీ ఇలా వణుకుతోంది. చంద్రరావు గారు భుజం తట్టి "వంచి పంపినా లేపారండీ! ఆ అమ్మినవాళ్ల సంగతి అందరికీ చెప్తాను" అన్నారు. నేను నోరు విప్పలేదు.

ఇంట్లో సత్యశ్రీకి తెలీదు, చెప్పకు. ఈ నెలాఖరుకి కొట్టు ఎవరికైనా అప్పగించేస్తాను. చెయ్యి నిలవనివాడు ఈ పని చెయ్యకూడదు.

అనిల్


నరసాపురం,
అక్టోబరు 19, ఆదివారం

ప్రియమైన అనిల్‌కి,

నేను ఎవరికీ చెప్పలేదు. అత్తగారిని చూసొస్తానని నిన్న నీ భార్య సత్యశ్రీ వచ్చింది కదా. ఈ రోజు గుడిలో ఆరాధన అయ్యి వచ్చి అన్నాలు తిన్నాక తనే మొదలుపెట్టింది. "వదినగారూ, ఆయన నాలుగు నెలలుగా టీ గ్లాసు సగమే పొయ్యమంటున్నారండి. చొక్కా బొత్తాలు నేను చూడకుండా పెట్టుకుంటున్నారు. నాకు తెలీదనుకుంటున్నారు. చెప్తారేమోనని చూస్తున్నానండి."

అప్పుడు అమ్మ లేసు బుట్ట పక్కకి జరిపి, "మీ నాన్నకీ ఇలాగే ఉండేది" అంది. నేను పెద్దదాన్ని, నాకే తెలీదు. బళ్లో నల్లబల్ల మీద రాయడం మానేసి పిల్లల చేత రాయించేవారట. అది ఆయన పద్ధతి అని మెచ్చుకునేవాళ్లం కదా మనం. చివరి దాకా పాఠం చెప్పారు. ఎవరికీ చెప్పొద్దని అమ్మ దగ్గర మాట తీసుకున్నారట. నీదీ అదే అని నేననను. డాక్టరు చెప్పాలి.

మీ బావ అన్నారు: "ఒక్క వణుకు. దాచేవాళ్లు మాత్రం ఇంటినిండా ఉన్నారు." సత్యశ్రీ నవ్వింది, తర్వాత ఏడ్చింది.

ఇక దాచేదేముందని నీ ఉత్తరం చదివి వినిపించాను. సాయంత్రం అందరం కూర్చుని నిర్ణయించాం. బుధవారం నువ్వూ సత్యశ్రీ కాకినాడ వెళ్లి నరాల డాక్టరుకి చూపించుకుంటారు. దానికి ముందే, రేపో ఎల్లుండో, చంద్రరావు గారికి పిన్నులు ఎవరు వంచారో నీ నోటితోనే చెప్తావు. అమ్మినవాళ్ల మీద నింద ఉండకూడదు. ఆయన పని పోతే పోతుంది, అది మేమూ మాట్లాడుకున్నాం. కొట్టు మాత్రం ఎవరికీ అప్పగించడం లేదు. డాక్టరు ఏం చెప్పినా, వారానికి రెండు రోజులు నేను వచ్చి నీ బల్ల దగ్గర కూర్చుంటాను. చూపు నీది, మాట నీది, సూది నాది. లేసు ఆర్డరు తగ్గించుకున్నాను. అమ్మ ప్రార్థన చేసింది, అందరం ఆమెన్ అన్నాం.

నిన్ను అడగలేదు. అడిగితే వద్దంటావని అడగలేదు. కోపం ఉంటే శుక్రవారం నా ముందే పడు, ఎనిమిదింటి బస్సుకి వస్తున్నాను. ఈ ఉత్తరం సత్యశ్రీ చేతికే ఇస్తున్నాను. తన ఎదురుగా చదువు.

నీ అక్క,
తబిత