ఎనిమిది తుడవొద్దు

నాన్నా,

కూర స్టవ్ మీద ఉంది, వేడి చేసుకో. రెండింటికి మాత్ర వేసుకో. అదే చివరిది. గేటు మీద నిన్న నువ్వు రాసిన ఎనిమిది జోలికి మాత్రం వెళ్ళకు.

నెల్లాళ్ళుగా చూస్తున్నా. నంబరు రాయడం, చెయ్యి వణికిందని తుడిచెయ్యడం. మనది ఎనభై మూడో ఇల్లని నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. నిన్న నీ మందులు తెచ్చినతను పక్కింటి తలుపు కొట్టి తిట్లు తిని వెళ్ళిపోయాడు. సాయంత్రం మళ్ళీ వస్తాడు. నలభై ఏళ్ళు ఊరందరి బోర్డులూ అచ్చు గుద్దినట్టు రాశావు, కాదన్నదెవరు? ఇది మనిల్లు. ఎనిమిది ఎనిమిదిలా కనిపిస్తే చాలు.

నేనూ ఇవాళ దుప్పట్లు మడవలేదు. అద్దం మీద మరకలు అలాగే వదిలేశా. చిన్నప్పుడు నా నోటుబుక్కు అట్ట వంకరగా ఉందని మూడుసార్లు విప్పించావు గుర్తుందా? ఆ జబ్బు నాకూ అంటించావు. ఇక నా వల్ల కాదు. నువ్వు సర్దకు.

రంగు తుడిచే టర్పెంటైన్ సీసా నా బ్యాగులో వేసుకుని ఆఫీసుకి వెళ్తున్నా. వెతక్కు.

పక్కన మూడు నేనే రాశా. నీ ఎనిమిది కన్నా అన్యాయంగా ఉంది. ఎవరైనా నవ్వితే రెండూ మా అమ్మాయే రాసిందని చెప్పు.