చూడకుండా పెట్టిన సంతకం

మార్చి 4, ఉదయం

ఐదేళ్ళకోసారి వచ్చే సెక్యూరిటీ క్లియరెన్స్ ఫారం మళ్ళీ వచ్చింది. పదకొండో ప్రశ్న: తీర్చని అప్పులున్నాయా? లేవు అని రాశాను. అప్పులేనివాడే అధిక సంపన్నుడు అన్నారు కదా, ఆ లెక్కన మా ఆఫీసులో నాకంటే శ్రీమంతుడు లేడు. టీ కొట్లో కూడా ముందు డబ్బులిచ్చి తర్వాత తాగే మనిషిని.

నా పని తాళాలు. మూడో అంతస్తులో రహస్య ఫైళ్ళ బీరువాలకీ ఇనప్పెట్టెలకీ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేనే వైద్యుణ్ణి. చేరిన రోజే పాత మేస్త్రి చెప్పాడు, తాళం చూడు, కాగితం చూడకు, చూశావో వేరే ఉద్యోగం చూసుకోవాల్సి వస్తుందని. అప్పట్నించీ ఎదురుగా కాగితం కనిపిస్తే నా చూపు దానంతటదే గోడ మీదికి పోతుంది. బడికి వెళ్ళింది మూడేళ్ళే, మిగతా చదువంతా పొట్లాం కాగితాల మీద నేర్చుకున్నవాణ్ణి. అలాంటివాడికి ఇది ఎంత శిక్షో ఎవరికి తెలుస్తుంది? ఒకసారి శుభలేఖ ఇస్తే గోడ చూస్తూ అందుకున్నాను. పెళ్ళికి మర్నాడు వెళ్ళాను.

మార్చి 19

సెక్యూరిటీ మేడమ్ పిలిచి కుర్చీ చూపించింది. అక్కడ కుర్చీ చూపించారంటే మంచి కబురు కాదు.

మీరు జామీనున్న లోను పద్నాలుగు నెలలుగా కట్టడం లేదు, బాకీ ఇప్పుడు మీ నెత్తినే ఉంది, ఫారంలో లేదని రాశారేం, అని అడిగింది. ఇంకెవరిదో అయ్యుంటుంది మేడమ్ అన్నాను. కాగితం నా వైపు తిప్పింది. గోడ చూశాను. గోడ కాదు, ఇది చూడండి అంది. చూశాను. సంతకం నాదే. చివర ఆ తోక నేను తప్ప లోకంలో ఎవడూ అలా తిప్పడు.



అప్పు ఉండటం సగం తప్పు, దాచడం నిండు తప్పు, అంది. దాచలేదు, నాకే తెలియదు అన్నాను. అది ఇంకా పెద్ద తప్పని ఆవిడ ముఖమే చెప్పింది. పాసు తీసుకుంది. విచారణ తేలేదాకా లోపలికి రావద్దంది. తేలకపోతే ఉద్యోగం పోయినట్టే.

మార్చి 19, సాయంత్రం

బావమరిది!

రెండేళ్ళ క్రితం ఫొటో స్టూడియోకి కొత్త కెమెరాలు కొంటానని భోజనాల దగ్గర ఓ కాగితం పెట్టాడు. ఊరికే చిన్న సంతకం బావా అన్నాడు. గోడ చూస్తూ పెట్టాను. నోటీసులన్నీ స్టూడియో అడ్రసుకే వెళ్ళాయట. నాతో ఒక్క ముక్క చెప్పలేదేంరా అంటే, నీకు తెలియకపోవడమేంటి బావా, సంతకం పెట్టేముందు అంతసేపు ఆలోచించావుగా, అంటాడు.

ఆలోచన కాదురా వెధవా, గోడ మీద బల్లిని చూస్తున్నాను.

మార్చి 23

తొమ్మిదింటికి ఇంట్లో ఉన్నాను. ఏ గదిలో నిలబడాలో తెలియలేదు.

ఏప్రిల్ 2, మధ్యాహ్నం

బావమరిది గెంతుకుంటూ వచ్చాడు. గండం గట్టెక్కింది బావా అన్నాడు. ఫొటో దిగడానికి వచ్చిన ఎవరో పెద్దమనిషి, మాటల్లో అప్పు సంగతి విని, మొత్తం తానే కట్టేస్తానన్నాడట. వడ్డీ లేదు, నోటు లేదు. ఎందుకురా అంత ప్రేమ అంటే, ఆయనకి తాళాలంటే పిచ్చి బావా, నీతో ఓ గంట కబుర్లు చెప్పుకోవాలట, మూడో అంతస్తులో ఏ రకం వాడతారో తెలిస్తే చాలట, అంతే, అన్నాడు.

మూడో అంతస్తు మాట నేను వీడితో ఎన్నడూ అనలేదు. మా ఆవిడతోనే అనలేదు.

చేతిలో గ్లాసు ఎప్పుడు జారిందో తెలియదు. ఆ పదకొండో ప్రశ్న ఉత్త చాదస్తం అనుకున్నాను ఇన్నేళ్ళూ. అప్పున్నవాడి ఇంటికి తాళం ఉండదు, ఎవడైనా తోసుకుని వచ్చేయొచ్చు.

చెబితే వీణ్ణి తీసుకెళ్ళి కూర్చోబెడతారు. చెప్పకపోతే అప్పు తీరుతుంది, పాసూ రావచ్చు. గాజుపెంకులు ఏరుతున్న మా ఆవిడ అంతా వింది. వాడు నాకు ఒక్కగానొక్క తమ్ముడండీ, అంది. ఇంకో నాలుగు పెంకులు ఏరింది. చెప్పులేసుకోండి, మీరొచ్చేదాకా వీణ్ణి గడప దాటనివ్వను, అంది.

ఏప్రిల్ 2, సాయంత్రం

చెప్పేశాను. మేడమ్ రాసుకుంటూ తల ఎత్తలేదు. మరి నా పాసు, అని అడగబోయాను. అడిగితే బేరమవుతుందని మానేశాను.

ఏప్రిల్ 20

పాసు రాదు. నిజం చెప్పినందుకు మెచ్చుకుంటూ ఒక ఉత్తరం, ఉద్యోగంలోంచి తీసేస్తూ ఒక ఉత్తరం, రెండూ ఒకే కవర్లో. స్టాంపు ఖర్చు కలిసొచ్చింది వాళ్ళకి. బావమరిదిని తొమ్మిది రోజులు ప్రశ్నించి వదిలారు. కెమెరాలు అమ్మకానికి పెట్టాడు. ఆ పెద్దమనిషి ఫోను ఎత్తడం లేదట.

మే 6

మేడమ్ ఫోన్ చేసింది. మూడో అంతస్తులో తాళాలన్నీ మార్చేశారట. నాకు తెలిసినది ఇక ఆ భవనంలో ఏదీ లేదట.

మా ఆవిడ పక్కన కూర్చుంది. అయితే ఇప్పుడైనా చెప్పొచ్చుగా, ఇన్నేళ్ళూ అక్కడ ఎలా ఉండేదో, అంది.

నోరు తెరిచాను. చూపు దానంతటదే గోడ మీదికి పోయింది.