బీరువాలు వరండాలోకి వచ్చాక

బావగారికి,

మీరూ అక్కా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

బడి లైబ్రరీలన్నిటినీ కలిపి మీ ఆఫీసు తెరిచిన ఆన్‌లైన్ వేదికలో మా బడికి మొదటి స్థానం ఇచ్చారట, సంతోషం. "మీ పిల్లలు అన్ని పుస్తకాలు ఎలా చదువుతున్నారో మిగతా లైబ్రేరియన్ల కోసం అందులో రాసిపెట్టు" అని ఫోన్‌లో అన్నారు. చెబుతాను, వినండి.

అంతా మీ వేదిక చలవే. దానికోసం మీరు పంపిన కంప్యూటర్ మీద దుమ్ము పడకూడదని హెడ్మాస్టరు గారు లైబ్రరీ గది ఖాళీ చేయించారు. పుస్తకాల బీరువాలను వరండాలోకి ఈడుస్తుంటే తలుపులు ఊడి చేతికొచ్చాయి. అప్పట్నుంచి పిల్లలు ఎవరినీ అడక్కుండా పుస్తకాలు పట్టుకుపోతున్నారు. విడ్డూరం ఏమిటంటే, తిరిగి తెచ్చి పెడుతున్నారు కూడా. నిన్న అయిదో తరగతి పిల్ల ఒకతి నన్నే గదమాయించింది: "కాస్త జరగండి టీచర్, పుస్తకాలకి అడ్డంగా నిలబడ్డారు!"

ఇదంతా వేదికలోనే పెట్టేదాన్ని. కానీ హెడ్మాస్టరు గారు కంప్యూటర్ గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, ఆ వేదిక వాడకం మీద మీరు పెట్టిన శిక్షణకే వెళ్లారు. అందుకే ఈ ఉత్తరం.

బహుమతిగా మా బీరువాలకు కొత్త తలుపులు, తాళాలు పంపిస్తున్నారని అక్క చెప్పింది. మీ అభిమానానికి ఏమిచ్చి రుణం తీర్చుకోను? ఒక్కటే మనవి. తలుపులు మీ దగ్గరే ఉంచండి. తాళాలు మాత్రం తప్పకుండా పంపండి, కంప్యూటర్ గదికే ఇంకో రెండు వేసుకుంటాం.

మీ మరదలు