అవ్వ నేల మీద పెట్టిన పెట్టె

ఫిబ్రవరి 10
బోధన్ నుంచి అన్న ఫోన్. కొత్త ఇంటి హాల్లో అద్దాల అల్మారా చేయించాడట, లోపల లైటు కూడా. మమ్మల్ని కన్న అవ్వ పింగాణి కుట్టుపెట్టె అందులో పెడతాడట. "అవ్వ యాదికి మంచిగుంటది. ఇరవై రెండు నాడు అచ్చి తీస్కవోత." అడగలేదు... చెప్పాడు.

ఫిబ్రవరి 11
పెట్టె మూత మీద గులాబీలు, రెండు నీలి పిట్టలు. ఒకదానికి తోక చెరిగిపోయింది — మూత తీసేటప్పుడు అవ్వ బొటనవేలు రోజూ అక్కడే పడేది. లోపల మఖమల్ గుంటల్లో చిన్న కత్తెర, సూదుల గొట్టం, సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగే వెండి అంగుస్తానా. చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసరు భార్య బదిలీ మీద పోతూ అవ్వకు ఇచ్చి పోయింది. ఆమె బట్టలన్నీ అవ్వే కుట్టేది. ఇప్పుడు అదే కత్తెరతో నేను నిజామాబాద్‌లో జాకెట్లకు కాజాలు కోస్తున్నాను. లైటు కింద కూర్చోబెట్టడానికి అదేమన్నా పెళ్ళికూతురా?

ఫిబ్రవరి 13
అన్నకు ఫోన్ చేసి ఇవ్వనన్నాను.
"అవ్వ నీ చేతిల వెట్టిందా?"
పెట్టలేదు, నిజమే. చివరి రోజుల్లో అవ్వకు మాట పడిపోయింది. మంచం మీద నుంచి వంగి, పెట్టెను నేల మీద పెట్టి నా వైపు జరిపింది. నేను తీసుకున్నాను. అన్న గడపలో నిలబడి చూస్తున్నాడు. ఇప్పుడంటాడు — "కింద వెడితే నువ్వు తీస్కున్నవ్. అది ఇచ్చినట్టా?"

ఫిబ్రవరి 14
కోపం తగ్గలేదు.
సూదులున్న పెట్టెను ఎవరైనా చేతికిస్తారా? తగువులొస్తాయని మా ఇంట్లో ఒక్క సూది కూడా చేతి నుంచి చేతికి పోలేదు. అవ్వ కింద పెట్టేది, మేము తీసుకునేవాళ్ళం. అన్నకు తెలియదా? పోయిన దసరాకు గుండీ ఊడితే సూది ఇవ్వబోయాను. "కింద వెట్టు, లొల్లయితది" అన్నది తనే.

ఫిబ్రవరి 15
చిన్నప్పుడు దోస్తులొస్తే అన్న అవ్వ కుట్టుమిషను మీద దుప్పటి కప్పేవాడు. టైలరామె కొడుకంటారని సిగ్గు. అవ్వ ఒక్క మాట అనలేదు. నేను అంటాను.

ఫిబ్రవరి 18
పెళ్ళి జాకెట్లు ఆరు. అంగుస్తానా వేలి నుంచి తీయలేదు. మధ్యలో ఊరికే ఏడుపొచ్చింది. అద్దాల్లో పెట్టాక దాన్ని ఎవరు ముట్టుకుంటారు...

ఫిబ్రవరి 21
రేపు పొద్దున బస్సుకు వస్తున్నాడు.
దాచను. తాళం వేయను. చాయ్ ఇస్తాను. పెట్టెను మాత్రం నేల మీద పెట్టను, బల్ల మీద కూడా పెట్టను. మూత తీసి, సూదులతో సహా రెండు చేతులా పట్టుకుని ఎదురుగా నిలబడతాను. "నా చేతులకెల్లి తీస్కో అన్న" అంటాను.
తీసుకుంటే ఏం చేయాలో ఇంకా అనుకోలేదు. అంగుస్తానా మాత్రం నా వేలికే ఉంటుంది.